నీచు వాసన

మెట్లెక్కుతుండగానే వాసన అతన్ని చుట్టుముట్టింది. అది ఒక్క వాసనైతే ఓర్చుకునేవాడేమో. కింద షెడ్డులో చేపల పేగులు, కాలువలో నిలిచిపోయిన నీళ్ళు, గోడలు పీల్చుకున్న చెమ్మ, పై అంతస్తులో ఎవరో మాడబెట్టిన నూనె, అన్నీ కలిసికట్టుగా ఆ ఇరుకు మెట్ల మీదుగా అతనితో పాటే పైకి నడుస్తున్నాయి. ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో ముక్కు పట్టుకుని నిలబడిపోయాడు. దేవుని మాట చెప్పడానికి సముద్రాలు దాటి వచ్చినవాడు మొదటి అంతస్తు దాటలేకపోయాడు.

ఇంట్లో అతన్ని శుభ్రాలరాయుడు అనేవారు. తండ్రి కాంపౌండరు. ఆయన ఆసుపత్రి నుంచి రాగానే గుమ్మం బయటే చేతులు కడుక్కుంటే, కొడుకు ఆ చెంబును కూడా తోమి లోపల పెట్టేవాడు. పంక్తిలో పక్కవాడు వేళ్ళు నాకాడని సగం భోజనంలో లేచిపోయిన ఘనత ఉంది. మిషనరీ శిక్షణకు వెళతానన్న రోజున మేనత్త పకపకా నవ్వింది. "వీడా? వీడు పాపుల్ని కూడా సబ్బు పెట్టి రుద్దాకే రక్షిస్తాడు!" అంది. అందరూ నవ్వారు గానీ అతను నవ్వలేదు. అతని భక్తి నిజమైనది. తెల్లటి చొక్కా, ఎత్తైన ప్రార్థన మందిరం, కళ్ళనీళ్ళతో వినే జనం, ఇదీ అతను కలగన్న పరదేశం.

దొరికింది రేవు పట్నంలో, చేపల షెడ్డు మీద గది.

ఆ గదిలో చాలా ఏళ్ళుగా ఉంటున్న పెద్దయ్యగారు అతని పైఅధికారి. మనిషి దిట్టంగా ఉంటాడు, గొంతు గంట మోగినట్టు మోగుతుంది. ప్రార్థన మొదలుపెడితే రాళ్ళు కరగాల్సిందే. కానీ ప్రార్థన అయ్యాక ఆయన మామూలు మనిషైపోతాడు, అక్కడే వచ్చింది చిక్కు. పొద్దున్నే గిన్నెలు కడిగే తొట్టిలోనే ఖాండ్రించి ఉమ్మేవాడు. కాలిగోళ్ళు భోజనాల బల్ల మీద తీసేవాడు. తాళంచెవితో చెవిలో గులిమి తీసి, దాన్నొకసారి శ్రద్ధగా పరిశీలించి, ప్యాంటుకు తుడిచి, అదే చేత్తో రొట్టె విరిచి "తినవయ్యా, మొహమాటమెందుకు" అని అందించేవాడు. తడిసిన మేజోళ్ళు ఆరేది టీ కెటిల్ మీద.

"ప్రభువా, పొరుగువాణ్ణి ప్రేమించమన్నావు, సరే. పొరుగు మంచం వాణ్ణి కూడానా?" అని అతను దుప్పటిలో మొహం దాచుకుని అడిగేవాడు. ఆ దుప్పటీ నీచు వాసనే.

కింద షెడ్డులో ఆడవాళ్ళు వరసగా బల్లల దగ్గర నిలబడి చేపలు బాగుచేసేవాళ్ళు. అతని పని వాళ్ళతో పరిచయం పెంచుకుని ఆదివారం ప్రార్థనకు పిలవడం. మొదటిరోజు, కంఠతా పట్టిన నాలుగు ముక్కలు ఆ దేశపు భాషలో అప్పజెప్పాడు. "నేను దేవుని సేవకుణ్ణి" అనబోయి తడబడి "దేవుడు నా సేవకుడు" అన్నాడు.

షెడ్డు మేస్త్రీ మంచుగడ్డలు పగలగొట్టడం ఆపి తలెత్తాడు. "అలాగా? అయితే ఆయన్ని పంపించు, తట్టలు మొయ్యడానికి మనుషుల్లేక చస్తున్నాం."

షెడ్డంతా నవ్వులు. అందరికన్నా గట్టిగా నవ్వింది కత్తెరమ్మ. ఆమె కత్తి వాడదు, పెద్ద కత్తెరతో మొప్పలు తీస్తుంది, అందుకని ఆ పేరు. వయసులో అతని పిన్నంత ఉంటుంది. భర్త లేడు, ఒక్క కూతుర్ని ఎక్కడో దూరాన చదివిస్తోంది. అతన్ని దగ్గరికి పిలిచి, మాట సరిదిద్ది, మళ్ళీ అనిపించింది. అప్పుడే అతను ఆమె కత్తెర పట్టే ఎడమచెయ్యి చూశాడు. వేలికి గుడ్డముక్క చుట్టి ఉంది. చేపముల్లు దిగిందట.

"మా నాన్న కాంపౌండరు, చూడనా పిన్నీ?" అన్నాడు వచ్చీరాని మాటలతో, ఏదో ఒకటి పనికొచ్చే మాట చెప్పాలని.

ఆమె గుడ్డ విప్పింది. వేలు ఉబ్బి నల్లబడింది, గోరు పక్కనుంచి చీము. పుండు మీద ఒక పొలుసు అంటుకుని తళతళలాడుతోంది. దాన్ని చూడటంతోనే అతని కడుపులో ఉన్నదంతా బయటికొచ్చింది, అదీ బాగుచేసి పెట్టిన చేపల మీద. మేస్త్రీ బూతులు లంకించుకున్నాడు. కత్తెరమ్మ రబ్బరు గొట్టం అందుకుని బల్లా, చేపలూ, అతని బూట్లూ ఒకేసారి కడిగేసింది.

"పోనీలే, కడుపుతో ఉన్నాడేమో పాపం" అంది. అంతే, షెడ్డులో అతనికి ఇంకో పేరు అక్కర్లేకపోయింది. అందరూ 'కడుపయ్యగారు' అనేవారు.

షెడ్డు పైనే అద్దె హాల్లో జరిగే ప్రార్థనకు ఆమె రావడం మొదలుపెట్టింది. వచ్చిన రోజు అతను గుర్తుపట్టలేదు. నీలం రంగు ఉన్నికోటు, బిగించి దువ్విన జుట్టు, నిమ్మచెక్కతో రుద్ది రుద్ది ఎర్రబడ్డ చేతులు. పుండున్న వేలిని జేబులో దాచుకుని వెనక బెంచీలో కూర్చుంది. ఆమె పక్కన కూర్చున్నప్పుడు అతనికి ఆ ఊళ్ళో మొదటిసారి ముక్కు మూసుకోవాలనిపించలేదు.

ఒక ఆదివారం ప్రార్థన ముగిశాక పెద్దయ్యగారు కెమెరా తెచ్చి అతని చేతిలో పెట్టాడు. మిషన్ పత్రికకు ఫోటో కావాలట, చందాలిచ్చేవాళ్ళు చూడాలట. కత్తెరమ్మను గోడ దగ్గర నిలబెట్టాడు. ఎగాదిగా చూసి పెదవి విరిచాడు.

"ఆ కోటు తీసెయ్యమ్మా. కిందికెళ్ళి షెడ్డు బట్టల్లో రా. జుట్టు కొంచెం చెదరగొట్టుకో. వేలికున్న గుడ్డ విప్పు, బాగా కనపడాలి."

ఆమె అతని వైపు చూసింది. అతను కెమెరా తాడు సరిచేసుకుంటున్నట్టు తల దించుకున్నాడు. ఆమె కోటు విప్పి, మడత పెట్టి, బెంచీ మీద ఉంచి కిందికి వెళ్ళింది. రక్తపు మరకల ఏప్రన్‌తో తిరిగి వచ్చింది. "చెయ్యి పైకెత్తు. నవ్వకు" అన్నాడు పెద్దయ్యగారు. అతను తీశాడు. ఒకటి కాదు, చాలా తీశాడు.

మధ్యాహ్నం భోజనం దగ్గర పెద్దయ్యగారు కెమెరా తెరపై ఆ బొమ్మలు చూస్తూ, ముద్ద మీద ముద్ద లాగిస్తూ మెచ్చుకున్నాడు. "ఏం తీశావయ్యా! ఆ చీము చూడు, ఎంత స్పష్టంగా వచ్చిందో. రాతిగుండెవాడైనా చెక్కు రాస్తాడు." పెదాల మీద నూనె మెరుస్తోంది.

అతను చేతిలో ముద్ద పళ్ళెంలో వదిలేశాడు. ఇన్నాళ్ళూ కింద నుంచి వచ్చిన కంపు ఇప్పుడు బల్లకు అవతలి వైపు నుంచి వస్తున్నట్టుంది. కాదు, ఇవతలి వైపు నుంచి కూడా. కెమెరా పట్టుకున్నది ఎవరు మరి? ఆయన కునుకు తీయగానే లేచి ఫోటోలన్నీ చెరిపేశాడు. నిద్ర లేచాక ఆయనతో ఆ మాటే చెప్పాడు.

"మతి పోయిందా?" గంటలాంటి గొంతు చిట్లింది. "ఈ హాలు అద్దె ఎక్కడి నుంచి వస్తుందనుకున్నావు? బైబిల్లోలాగా ఆకాశం నుంచి మన్నా రాలుతోందా?"

"కోటుతో తీస్తానండి. ఆమె ఉన్నట్టే ఉంటుంది కదా."

"కోటు తొడుక్కున్నదానికి ఎవడిస్తాడయ్యా? కొత్తలో నేనూ నీలాగే ఎగిరాను. పోను పోను అలవాటవుతుంది."

ఆ చివరి మాటకు అతను ఆయన దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి జరిగాడు. తాళంచెవి చూసినప్పుడు కూడా అంత రోత పుట్టలేదు.

మర్నాడు షెడ్డుకు వెళ్ళి కత్తెరమ్మకు జరిగింది చెప్పాడు. మెచ్చుకుంటుందని లోలోపల ఆశ. ఆమె కత్తెర బల్ల మీద టప్పున పెట్టింది.

"ఆయన నన్నడక్కుండా కోటు విప్పించాడు. నువ్వు నన్నడక్కుండా చెరిపేశావు. చెయ్యి నాది, మొహం నాది, మధ్యలో మీ ఇద్దరి పెత్తనమేంటి నాయనా? నిన్న నేను నీ వైపు చూశాను. అప్పుడు మాట్లాడాల్సింది."

అతనికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "నేనిప్పుడేం చెయ్యాలి పిన్నీ?" అన్నాడు.

"ఈ వేలు ఆసుపత్రిలో చూపించుకోవాలి. పొద్దున్నే వెళ్ళి వరసలో నిలబడాలి. నా బల్ల ఖాళీగా ఉంటే మేస్త్రీ ఇంకొకర్ని పెట్టేస్తాడు. నిలబడతావా నా బల్ల దగ్గర?"

నిలబడతానన్నాడు. అనేశాక తెలిసింది ఏమన్నాడో. మర్నాడు పొద్దున్నే ఆమె ఏప్రన్ కట్టుకున్నాడు, లోపలివైపు జిగటగా ఉంది. మొదటి చేప చేతిలోంచి జారి కాలువలో పడింది. రెండోదాని పొట్ట చీలిస్తే వేడిగా ఉంటుందనుకున్నాడు, మంచులా చల్లగా ఉంది, అది ఇంకా అసహ్యం. పేగులు మణికట్టుకు చుట్టుకున్నాయి. పొలుసు ఒకటి ఎగిరి పెదవి మీద వాలింది. పక్క బల్ల ఆమె మోచేత్తో బకెట్టు ముందుకు తోసింది. అతను అందులో కక్కి, మూతి తుడుచుకుని, మళ్ళీ చేప అందుకున్నాడు. మేస్త్రీ రెండుమూడుసార్లు వచ్చి చూసి, "దేవుడే నయం, ఆయన్నే పంపాల్సింది" అని గొణిగి వెళ్ళాడు గానీ బల్ల ఇంకొకరికి ఇవ్వలేదు.

కత్తెరమ్మ మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. ఆలస్యమైపోయిందట, వేలి చివరి కణుపు తీసేయాలన్నారట. మామూలు గొంతుతోనే చెప్పింది. తర్వాత వెనక్కి తిరిగి గోడను చూస్తూ కాసేపు నిలబడింది. అతను ఓదార్పు వచనం ఒకటి వెతుక్కున్నాడు. నోట్లో ఇంకా పిత్తం చేదు. వచనం వదిలేసి ఇంకో తట్ట ముందుకు లాక్కున్నాడు.

ఆపరేషనై, కట్లు విప్పేదాకా ఆమె బల్ల దగ్గర అతనే నిలబడ్డాడు. ఈలోగా పెద్దయ్యగారు ఊరుకోలేదు. తన ఫోనుతోనే ఇంకొక ఆమెను ఫోటో తీశాడు, చంటిబిడ్డతో సహా. అది పత్రికలో అట్ట మీద వచ్చింది. హాలు అద్దెకు లోటు రాలేదు. ప్రధాన కార్యాలయం నుంచి ఒకాయన ఫోన్ చేసి, "పెద్దవారు కదా, క్షమాపణ చెప్పి సర్దుకోండి బ్రదర్, లేదంటే తిరిగొచ్చేయండి" అన్నాడు. ఇతను రెండూ చెయ్యలేదు. వాళ్ళు ఇతన్ని తీసెయ్యనూ లేదు, పట్టించుకోనూ లేదు.

గది మాత్రం ఖాళీ చేశాడు. మంచు నిల్వ చేసే కొట్టు వెనకాల చిన్న గదిలోకి మారాడు. అక్కడ గోడలు చెమరుస్తాయి, బొద్దింకలు దుప్పటి కింద కాపురం పెట్టాయి. కానీ తొట్టిలో ఎవరూ ఉమ్మరు. పొద్దున పూట షెడ్డులో కూలి పని, ఆదివారం సాయంత్రం ఖాళీ డబ్బాలు బోర్లించి కూర్చున్న ఆడవాళ్ళకు వాక్యం చదవడం. వచ్చేవాళ్ళు కొద్దిమందే. కొందరు వినడానికి వచ్చేవాళ్ళు, కొందరు అతని ఉచ్చారణకు నవ్వుకోవడానికి.

కత్తెరమ్మ ఇప్పుడు కత్తెర పట్టుకోలేదు. చేపల మీద మంచు సర్దే పనిలోకి మారింది. పేరు మాత్రం మారలేదు. అతని పక్కనే నిలబడి, డబ్బాలో మంచు పోస్తూ, అతను ప్రతి చేపకూ ముక్కు చిట్లించడం చూసేది.

"ఇన్నాళ్ళైంది, ఇంకా అలవాటు కాలేదా?" అని ఒకసారి అడిగింది.

"లేదు పిన్నీ. రోజూ రోతగానే ఉంటుంది."

"మాకు మాత్రం బాగుంటుందనుకున్నావా?" అంది ఆమె. "సరే, చెయ్యి ఆపకు. ఇంకా తట్ట నిండా ఉన్నాయి."