మాస్టారి దస్తూరీ

చల్లపల్లిలో శేషగిరి మాస్టారి దస్తూరీ అంటే అచ్చేసినట్టుండేది. రాత బాగోలేని పిల్లల్ని చూస్తే ఆయనకు ఒళ్ళు మంట. కన్నకొడుకు రఘునందన్‌నీ వదల్లేదు. వాడు వేళ్ళు నొప్పంటే బద్ధకం అన్నారు, కణుపుల మీద స్కేలుతో కొట్టారు.

రిటైరయ్యాక మనవరాలు మేఘన దొరికింది. రోజూ నాలుగు పేజీలు కాపీరైటింగ్. పిల్ల పెన్సిల్ పట్టుకోలేక ఏడుస్తుంటే రఘు విజయవాడ తీసుకెళ్ళాడు. మాస్టారూ వెంట వెళ్ళారు.

డాక్టరమ్మ మేఘన బొటనవేలిని మెల్లిగా వంచితే అది ముంజేతికి ఆనుకుంది.

"కీళ్ళు బాగా వదులండీ, పుట్టుకతోనే. ఎక్కువసేపు రాయించకండి, పెన్సిల్‌కి గుడ్డచుట్టి లావుచేసి ఇవ్వండి. ఇది వంశంలో వస్తుంటుంది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా ఇంట్లో ఎవరికీ లేదండీ," అన్నారు మాస్టారు ఠక్కున.

రఘు కుడిచెయ్యి చాచి, తన బొటనవేలు వంచాడు. అదీ తేలిగ్గా ముంజేతికి ఆనింది.

"మరి చిన్నప్పుడు రాస్తుంటే నొప్పిగా ఉండేదా?" అడిగింది డాక్టరమ్మ.

రఘు తండ్రి వైపు చూడలేదు.

"బద్ధకమండీ," అన్నాడు.