గీత కింద పడ్డ చుక్క

ఇవాళ జడ్చర్ల దగ్గర ఒక బడిలో పిల్లల ఎత్తూ బరువూ కొలుస్తుంటే, కాంటా ఎక్కిన ఓ పాప దగ్గర ఉప్పు వేసిన పల్చటి చల్ల వాసన గుప్పుమంది. నాకు మా అవ్వ గుర్తొచ్చింది.

తెలంగాణ వచ్చిన తొలి ఏళ్లవి. మోత్కూర్ పక్క మా ఊళ్లో వానలు వెనకబట్టేసరికి గుట్టల నిండా సీతాఫలాలు కళ్లు విప్పేవి. పొద్దున జొన్న గటక, బతుకమ్మకు సత్తుపిండి, మిగతా పొద్దంతా మా మందలో తప్పిపోయిన గొర్రెల వెనక గుట్ట ఎక్కి దిగే పరుగు. తిన్నదంతా కాళ్లకే పోయేదేమో, ఒంటికి మాత్రం పట్టేది కాదు.

ఆటల గురుకులంలో చేరతానని నేను పట్టుబట్టాను. అక్కడ బరువు కూడా చూస్తారని వినగానే అవ్వకు దిగులు పట్టుకుంది. అంగడికి తోలే ముందు గొర్రెలకు ఉప్పు నాకించి నీళ్లు తాపడం మా ఇళ్లలో మామూలే. డొక్కలు నిండుగా కనబడితే బేరం నిలుస్తుంది. ఎంపిక రోజున అవ్వ నా మీదా అదే విద్య చూపించింది.

"బక్కగున్నవని ఎల్లగొడ్తరు బిడ్డా, జర తాగు" అంటూ ముంత మీద ముంత ఉప్పుచల్ల తాపింది.

కాంటా మీద బాగానే తూగాను. అవ్వకు మీసం లేదుగానీ, ఉంటే మెలేసేదే. కానీ కొలతలు తీసే మేడం చిన్న పటకారుతో నా జబ్బ మీది చర్మాన్ని మడతపట్టి చూసి, అంతకుముందు కొలిచిన పిల్లలకు కాగితం మీద ఒక్కో చుక్క పెట్టి, వాటి నడుమ గీసిన గీతను మాకు చూపించింది. బరువు పెరిగినకొద్దీ ఆ మడత కూడా మందమవుతుందట. బరువు ఎక్కువుండి మడత పల్చగా ఉండేసరికి నా చుక్క ఒక్కటే ఎటో పోయి పడింది.

"ఏం తాగొచ్చినవ్ పొల్లా?" అందామె.

జవాబు చెప్పేలోపే పరుగుకు పిలిచారు. సగం దూరంలో చల్లంతా కక్కేశాను. అవ్వ నెత్తి పట్టుకుంది. కడుపు తేలికయ్యాక మాత్రం మా గుట్ట మీద ఉరికినట్టే ఉరికి, ఒక్కరిని తప్ప అందరినీ దాటేశాను. మళ్లీ తూచారు. ఎత్తుకు తగ్గ బరువు లేక ఈసారి ఎత్తూ బరువుల గీతకు కిందనే పడ్డాను, అయినా తీసుకున్నారు.

"గీత కిందున్నా నా పొల్ల కాళ్ల మీదున్నది!" అని అవ్వ దారి పొడుగునా కనబడ్డవాళ్లందరికీ చెప్పింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఛాతీ ఉప్పొంగుతుంది.

ఇప్పుడు మా మంద లేదు. గుట్టను కంకర కోసం తొలిచేశారు. అవ్వా పోయింది. ఒక కొలతను బట్టి ఇంకోటి ఎలా మారుతుందో చెప్పే సహసంబంధాలు, ప్రతిగమన రేఖలు అంటూ నేనే పిల్లల చుక్కల మధ్య గీతలు గీస్తున్నాను. ఇవాళ కాంటా ఎక్కిన ఈ పాప చుక్క గీతకు ఎక్కడో దూరంగా పడితే, తప్పుకొలత, తీసేద్దామన్నాడు నాతో పనిచేసే అబ్బాయి. నేను వద్దని, పాపను దగ్గరికి పిలిచాను.

"ఏం తాగొచ్చినవ్ పొల్లా?"

"సల్ల. బక్కగ కనబడొద్దని మా అవ్వ తాపింది."

"రేపు ఉత్త కడుపుతోని రా. మీ అవ్వను గూడ తోల్కరా" అన్నాను.