విలన్‌కు ఇవ్వని నీళ్లు

పొద్దున ఫోన్లో ఒక వీడియోలో మన చిన్నప్పటి సినిమా విలన్ కనిపించాడు. తొంభై దాటాయట. చేతులు వణుకుతుంటే మనవరాలు గ్లాసు పట్టుకుని నీళ్లు తాగిస్తోంది. అప్పటినుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు.

తాండూరు టూరింగ్ టాకీసులో నువ్వూ నేనూ నేల మీద కూర్చుని ఆయన సినిమా చూశాం, గుర్తుందా? దాహంతో అల్లాడే ముసలితల్లి చేతిలో ముంతను తన్ని ఆయన నవ్వితే మనం కళ్లు మూసుకునేవాళ్లం. మా నాయనమ్మ తెరవైపు మెటికలు విరిచేది.

ఆ ఎండాకాలమే, నాయనమ్మతో వికారాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ఉంటే, ఆగిన రైల్లో ఆయనే కనిపించాడు! కిటికీలోంచి మా కూజా చూసి, "కాసిని మంచినీళ్లు ఇస్తావా అమ్మా?" అని మెత్తగా అడిగాడు. నేను గ్లాసు నింపాను. నాయనమ్మ నా చెయ్యి గుంజింది.

"ఇయ్యకు బిడ్డా! గా ముసల్ది నీళ్లు నీళ్లని మొత్తుకుంటే వీడు ఒక్క సుక్క పోసిండా?"

ఆయన పకపకా నవ్వి, నాయనమ్మకు దండం పెట్టాడు. రైలు కదిలింది. ఆయన ఎండిన పెదాలు నాలుకతో తడుపుకోవడం నేను చూశాను. నిండు గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది.

ఆ వీడియో ఇప్పటికి ఏడుసార్లు చూశాను. ఆయన గుటక వేసేదాకా ఫోన్ పక్కన పెట్టలేకపోతున్నాను.