గుమ్మం దగ్గర తీసేయించిన ముక్క

వదిన పడి మణికట్టు విరిగినప్పుడు ఇంట్లో అందరూ విశాఖపట్నం డాక్టరుగారిని తిట్టారు. తప్పు ఆయనది కాదని నాకు తెలుసు. నోరు విప్పలేదు.

వదినకు పార్కిన్సన్స్. పాలకొల్లు నుంచి అంతదూరం బస్సులో వెళితే ఒళ్లు కొయ్యబారిపోయేది. అందుకని డాక్టరుగారే ఒక ఏర్పాటు చెప్పారు. మాత్రకు ముందు, తర్వాత వీడియో తీసి క్యాసెట్ పంపితే, చూసి ఫోన్లో మందు చెబుతానన్నారు. వేళ్లు టకటకా ఆడించాలి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవాలి, గుమ్మం దాటి నడవాలి. అంతే. రోగిని కదిలించకుండా రోగాన్ని తన దగ్గరకు రప్పించుకున్న ఆయన తెలివికి ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

పెళ్లిళ్లకు వీడియో తీసే ఆయన్ని పిలిచాను. లైటు వేసి, అలవాటుగా "కొంచెం నవ్వండమ్మా" అన్నాడు.

"నవ్వు రాకపోవడమే కదండీ నా జబ్బు, అదీ తీయండి," అంది వదిన.

వదిన హిందీ టీచరు. వరండాలో ఆవిడ చెప్పుల చప్పుడు వినబడితే క్లాసులన్నీ సర్దుకునేవి. ఆ పాదాలు మాత్రకు ముందు గుమ్మం దగ్గర నేలకు అతుక్కుపోయాయి. ఆవిడ తల దించుకోలేదు. కెమెరా వైపే చూస్తూ నిలబడింది. సిగ్గుపడింది నేను. వీడియో ఆయన్ని పక్కకు పిలిచి, "ఆ ముక్క తీసేయండి, బాగోలేదు" అన్నాను.

"పెళ్లిళ్లలో ఎవరైనా తూలితే తీసేస్తాం కదండీ, ఇదెంత!" అన్నాడు.

నడక బాగానే ఉంది, మందు పెంచక్కర్లేదని డాక్టరుగారు ఫోన్ చేశారు. ఆ నెలలోనే వదిన అదే గుమ్మం దగ్గర పడింది.

కట్టు విప్పాక మళ్లీ క్యాసెట్ తీయించమంది.

"ఎక్కడో కూర్చుని టీవీలో చూసి వైద్యమేంటే?" అని అన్నయ్య విసుక్కున్నాడు.

"ఆయన్నెందుకండీ అంటారు? చూస్తే వదిలేసే మనిషి కాదు. చీర అడ్డొచ్చి నా పాదాలు కనబడి ఉండవు."

ఈసారి కుచ్చెళ్లు పైకి దోపుకుని, ఊరంతా గౌరవించే ఆ మనిషి, పాదాలు కనబడేలా గుమ్మం ముందుకొచ్చి ఆగిపోయింది. వీడియో ఆయన, ఏం చేయమంటారన్నట్టు నా వైపు చూశాడు.

"ఆపకండి," అన్నాను. "వదినా, అప్పుడు నీ పాదాలు బాగానే కనబడ్డాయి. ఆ ముక్క నేనే తీసేయించాను. నావల్లే పడ్డావు. నన్ను క్షమించు."

కెమెరా తిరుగుతూనే ఉంది. డాక్టరుగారు కూడా వింటారని, అటు తిరిగి ఆయన్నీ క్షమించమన్నాను.