రెండుసార్లు చాలన్న మా తాత

నిన్న పొద్దున నెల్లూరులో క్లాసులో ఉండగా నాన్న ఫోన్. "తాత పోయినాడమ్మా" అని ఒక్క మాట.

మొన్న ఆదివారమే నా పరీక్షల గురించి అడిగాడు. ఇంకా నమ్మలేకపోతున్నాను.

ఈ పోస్ట్ నాలుగుసార్లు రాసి చెరిపేశాను. మంచి మంచి మాటలొస్తున్నాయి, వాటిలో తాత రావడం లేదు.

అందుకే నా కోపమే రాస్తాను.

వింజమూరు దగ్గర మా ఊరి బాప్టిస్టు సంఘానికి మా తాత ఏసుదాసు అప్పట్లో సెక్రటరీ. ఎంత మంచివాళ్ళైనా సరే, రెండు దఫాలు చేశాక దిగిపోవాలన్నది అక్కడి కట్టుబాటు.

తొంభైల్లో అసెంబ్లీ ఎన్నికలు. ఒకసారి గెలిచిన ఎమ్మెల్యే మళ్ళీ ఓట్ల కోసం చర్చి దగ్గరికి వచ్చాడు. తాత అందరి ముందే అడిగాడట.

"అయ్యా, ఇది రెండోసారి. మూడోసారి నిలబడరు గదా?"

"నిలబడను ఏసుదాసూ. మాటిస్తుండా."

ఆ మాట పట్టుకుని తాత ఇల్లిల్లూ తిరిగి ఓట్లు వేయించాడు. ఎమ్మెల్యే గెలిచాడు.

ఐదేళ్ళకు మళ్ళీ అదే జీపు. ఈసారి ఆయన పక్కన దండాలు పెడుతూ కొడుకు.

"ఏందయ్యా ఇది?" అన్నాడు తాత.

"నేను నిలబడలేదు గదా! మావోడు నిలబడినాడు."

జీపులోవాళ్ళు నవ్వారు.

మా సంఘంవాళ్ళూ నవ్వారు. "మాట తప్పలేదులే సెక్రటరీ!"

తాతకి తగిలింది ఆ నవ్వే.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక లేచాడు. "ఆయన్ని నమ్మమని చెప్పింది నేను. ఇంక నా మాటకు విలువేముండాది? దిగిపోతుండా."

తాత పదవికి గడువు ఇంకా ఏడాది ఉంది.

వెంటనే ఒక పెద్దాయన, "అయితే నీ కొడుకునే పెడదాం" అన్నాడు. మా నాన్న సిగ్గుపడుతూ లేవబోయాడు.

"కూర్చోరా!"

తాత అరిచిన ఆ అరుపు నాన్నకి ఇప్పటికీ చెవుల్లో ఉంది.

అప్పట్నుంచి తాత చర్చిలో వెనక చాప మీదే కూర్చున్నాడు. మాట ఇచ్చినవాళ్ళు కార్లలో తిరిగారు, నమ్మినవాడు శిక్ష వేసుకున్నాడు. ఇదేం న్యాయం తాతా?

నా మొదటి ఓటు ఎవరికి వేయమంటావని అడిగితే, "నన్నడగొద్దు. వాళ్ళనడుగు. ఈసారి కొడుకు సంగతి కూడా కలిపి అడుగు" అన్నావు.

చదువుకుని ఇన్ని మాటలు నేర్చుకున్నాను. ప్రచారం కారు మన వీధిలో ఆగినప్పుడు నువ్వు అడగమన్నది అడగడానికి ఒక్కటీ నోట రాలేదు. ఆ సంగతి నీకు చెప్పనేలేదు.

వెళ్ళు తాతా. దేవుని దగ్గరైనా నీ మనసుకు నెమ్మది దొరకాలి.