కరీంనగర్ జైల్లో మా సందీప్‌తో ఇరవై నిమిషాలు

"నా గడప తొక్కకు" అని మనుమడితో అన్న మాటను వెనక్కి తీసుకోవడానికే ఈ ప్రయాణం. సందీప్ నా కూతురి కొడుకు. తల్లి పోయాక నేనే పెంచాను. తాగి ట్రాలీ ఆటో నడిపి ఒక మనిషి ప్రాణం పోవడానికి కారణమయ్యాడు, శిక్ష పడింది. ఏడు నెలలు వాడి ముఖం చూడలేదు. ఇప్పటికీ అన్నం ఇద్దరికి సరిపడా వండి, రెండో పూట చల్లన్నం తింటున్నాను.

జమ్మికుంటలో ఉదయం ఏడుంబావుకు బస్సెక్కాను. ఆధార్ చూపితే ఆడవాళ్లకు జీరో టికెట్. ఎనిమిదిన్నరకు కరీంనగర్ బస్టాండులో దిగాను. జైలు దాకా అరవై అన్నాడు ఆటో అతను.

"జైలంటే ఎక్కువ గుంజుతవా?"

"వచ్చేటప్పుడు ఖాళీగ రావాలె గదా అవ్వా. ఏం ఫికర్ జెయ్యకు, లోపల మంచిగనే సూస్తరు."

"నీకెట్ల తెలుసు?"

"ఆర్నెల్లు ఉండొచ్చిన."

యాభైకి ఒప్పుకున్నాడు.

గేటు దగ్గర ఫోను ఇచ్చి, పేరు రాయించుకోవాలి. ఇంటి తిండి లోపలికి పోనివ్వరు. నా సకినాల డబ్బా తిరిగి నా చేతికే వచ్చింది. బదులుగా సందీప్ పేరున ఐదు వందలు కట్టి రసీదు తీసుకున్నాను. ఆ డబ్బుతో లోపలి క్యాంటీన్‌లో కొనుక్కోవచ్చు. మూడు దశాబ్దాలు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, ఊరుకోలేక క్యాంటీన్ లాభం ఏమవుతుందని డబ్బు కట్టే కిటికీ దగ్గరి గుమస్తాను అడిగాను.

"తిండి, మందులు సర్కారువి మేడం. క్యారం బోర్డులు, పుస్తకాలు, చదువురానోళ్లకు పలకలు, అవన్నీ గా లాభంలకెల్లే కొంటం."

"సరిగ్గా ఖర్చు పెట్టారని ఎవరు చూస్తారు?"

"ఆడిట్ ఉంటది. జడ్జి సారొచ్చినప్పుడు ఖైదీలనే పిలిచి అడుగుతరు."

"సబ్బు ధర బయటికంటే ఎక్కువా?"

"అగో, గోడకు రాసిపెట్టినం. మీ అసొంటోళ్లు నెలకొక్కలొస్తె మాకు ఆడిటే అక్కర్లేదు!"

పదింటికి పిలిచారు. ఇనుప జాలీ అవతల సందీప్. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. అనుకున్న మాట చెప్పబోయాను. ఏడుస్తానేమోనని భయమేసి, తెలిసిన దారే పట్టాను.

"ఇయ్యాల కట్టిన పైసలు నీకు అందుతయా?"

"అందుతయ్ అమ్మమ్మా."

"పనికి కూలి ఇస్తున్నరా?"

"ఇస్తున్నరు. అండ్ల కొంత చనిపోయినాయన ఇంటోళ్ల కోసం పట్టుకుంటరు."

"పట్టుకోవాల్సిందే. క్యాంటీన్‌ల తూకం సరిగుంటదా? పుస్తకాలు నీ చేతికిస్తరా?"

అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పాడు. చివరికి జాలీకి దగ్గరగా జరిగాడు.

"అమ్మమ్మా, బయటికొచ్చినంక నేను యాడికి..."

"టైమైంది," అన్నాడు కానిస్టేబుల్. సందీప్ వెనక్కి చూసుకుంటూ పోయాడు. "రసీదు నా దగ్గర భద్రం," అని అరిచాను. అదీ నేను చివరగా అన్న మాట.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. లోపల వాడికి సబ్బుంది, పుస్తకముంది, ఆ లెక్క చూసేవాళ్లున్నారు. "మన ఇంటికే రా బిడ్డా" అనే మాట మాత్రం ఏ నిధిలోనూ లేదు. అది నేనే ఇవ్వాలి, ఇవ్వకుండా వచ్చేశాను. మళ్లీ ములాఖత్‌కు పదిహేను రోజులు ఆగాలి.

అక్కడికి వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: లెక్కలు కిటికీ దగ్గర గుమస్తాను అడగండి, విసుక్కోకుండా చెబుతారు. జాలీ ముందు నిలబడగానే, చెప్పాలని వెళ్లిన మాట మొదట చెప్పేయండి.