తార అని పిలిచిన నర్సమ్మ

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా లంబాడీ తాండా దగ్గరి గూడూరు దవాఖానలో నా మొదటి కాన్పు చేసిన నర్సమ్మది కోస్తా. బిడ్డ పుట్టగానే ఏం పేరు అనుకున్నారో తల్లిని అడిగి, బిడ్డను ఆ పేరుతోనే పిలవడం ఆమె అలవాటు.

నా బిడ్డ నెలలు నిండకుండానే పుట్టింది. ఏడవలేదు.

"పేరేం అనుకున్నావమ్మా?" అంది నర్సమ్మ, పాప వీపు రుద్దుతూ.

"ముందుగాల బతకనియ్యి," అంది మా అత్త. ఆమెకు ఇద్దరు పసిబిడ్డలు దక్కలేదు.

"తార," అన్నాను నేను.

"గంత నాజూకు పేరెందుకే? దిష్టి తగుల్తది," అంది అత్త.

"మాకు తారంటే చుక్క. మీ లంబాడీలో?" అని నర్సమ్మ అడిగింది.

"మాకూ గదే," అన్నాను.

"తారా... తారమ్మా..." వీపు రుద్దుతూ పిలుస్తూనే ఉంది. కాసేపటికి పాప సన్నగా ఏడ్చింది.

అత్త ఆ పొద్దున రాస్తారోకోలో "ఆంధ్రోళ్లు వాపస్ పోవాలె" అని అరిచి వచ్చిన మనిషి. ఇప్పుడు నర్సమ్మ చేయి వదలలేదు.

"పేరు పెట్టేనాడు మా తాండాకు రావాలె బిడ్డా. దాని చెవుల పేరు నువ్వే చెప్పాలె."

"ఆంధ్రా మనిషినని దారిలో ఆపేస్తే?" అంది నర్సమ్మ.

"ఎవడాపుతడు? నేనే వచ్చి తోలుకపోత."